జంబూద్వీపం నుంచి గుల్లలకోడు దాకా

గుడివాడ,
3 నవంబరు 2025.

చి॥ ధీరజ్‌కి,

అమ్మమ్మ దీవెనలు. నేను క్షేమం. మోకాలు ఎప్పటిలాగే ఉంది, దాని గురించి అడగక్కర్లేదు.

మీ తాతయ్య పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకం తిథి, మార్గశిర బహుళ దశమి, ఈసారి డిసెంబరు పద్నాలుగున, ఆదివారం నాడు వచ్చింది. నువ్వు సెలవు పెట్టాల్సిన పని కూడా లేదు. పురోహితులకు కబురు చేశాను. స్వయంపాకానికి బియ్యం, పప్పు, కూరలు ఎవరు ఏది తేవాలో కూడా చెప్పేశాను. అంతా అయ్యాక మీ అమ్మ వచ్చి, వంటింటి గడప దగ్గర నిలబడి, నా మొహం చూడకుండా, "వాడు కూర్చోనంటున్నాడమ్మా" అంది.

నాకు కొడుకులు లేరు. ఉన్నది ఒక్క పూర్ణిమ, దాని కొడుకువి నువ్వు. ఆయన చితికి నిప్పు పెట్టిన చెయ్యి నీది. ఏడాది తిరిగేసరికి ఆ చెయ్యి ఎందుకు వెనక్కి పోయిందో నాకు తెలియాలి. మీ అమ్మ చేత చెప్పించవద్దు. ఫోను చెయ్యవద్దు. ఫోనులో నువ్వు "సరే సరే అమ్మమ్మా" అని పెట్టేస్తావు, దేనికి సరే అన్నావో తెలియక నేను కూర్చుంటాను. కాగితం మీద రాయి. బడిలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయినదాన్ని. జవాబు తప్పయినా పరవాలేదు, రాసి ఉంటే దిద్దగలను.

పుష్పావతి


గిలకలదిండి, మచిలీపట్నం,
8 నవంబరు 2025.

అమ్మమ్మకి,

నమస్కారం. పదో తరగతి పరీక్షలో తప్ప నేను ఎప్పుడూ ఉత్తరం రాయలేదు. తప్పులుంటే మార్కులు తగ్గించుకో.

పెద్దకర్మ నాడు మన పురోహితులకు జ్వరం వచ్చి, ఇంకొకాయన్ని పంపారు, గుర్తుందా? హైదరాబాద్‌లో ఉండే కుర్రాయన. ఫోను చూసి చదివాడు. నేను వెనకాల అన్నాను. "జంబూద్వీపే, భరతవర్షే, భరతఖండే, మేరోర్దక్షిణ దిగ్భాగే, శ్రీశైలస్య వాయవ్య ప్రదేశే..." నేను ఏడుస్తున్నాను, ఏమంటున్నానో నాకే తెలియదు. మొన్న వినాయకచవితికి మా ఆఫీసులో పూజ జరిగింది. అవే మాటలు మళ్ళీ విన్నాను. ఈ పురోహితుడు మాత్రం వాయవ్యం బదులు ఈశాన్యం అన్నాడు. అప్పుడు తట్టింది. శ్రీశైలానికి వాయవ్యంలో ఉన్నది హైదరాబాద్. మన గుడివాడ తూర్పున కదా ఉంది.

నేను పోర్టు పనుల్లో సర్వే ఇంజనీరుని. ఒక గుంజ అడుగు పక్కకి పాతినా నన్ను నిలబెట్టి అడుగుతారు. అలాంటిది తాతయ్యని పిలవాల్సిన రోజున నేను ఎక్కడో ఉన్నానని చెప్పి పిలిచాను. ఆ రోజు పెట్టిన పిండం ఎవరికి చేరింది?

సరే, అది ఆయన పొరపాటు. మిగిలినవో? జంబూద్వీపం అంటే నేరేడుచెట్టు ఉన్న ద్వీపమట. మేరువు బంగారు కొండట. నేను ఏ మ్యాపులో పెట్టను? నాకు అర్థం కాని చిరునామా చెప్పి తాతయ్యని ఇంకోసారి పిలవలేను. ఇది దేవుడున్నాడా లేడా అనే గొడవ కాదు. ఆయన మీద ప్రేమ లేకా కాదు. అది నీకు తెలుసు.

ధీరజ్


గుడివాడ,
12 నవంబరు 2025.

చి॥ ధీరజ్‌కి,

దీవెనలు. నీ ఉత్తరం నిన్న చేరింది. రెండుసార్లు చదివాను. వాయవ్యం సంగతి నాకు తెలియదు, ఆడవాళ్ళం లోపల ఉన్నాం. ఆ కుర్రాయన చేసింది తప్పే. పురోహితులకు చెప్పాను, ఆయన చెవులు మూసుకున్నారు.

ఇక నీ తప్పు. ఆ చిరునామా మీ తాతయ్యది అనుకున్నావు. కాదు. అది నీది. సంకల్పంలో చెప్పేది పిలిచేవాడి చోటు. "నేను ఇదిగో ఈ కాలంలో, ఈ నేల మీద ఉండి ఈ పని చేస్తున్నాను" అని చెప్పుకోవడం. పెద్దదాంతో మొదలుపెట్టి చిన్నదానికి వస్తారు. నీ ఫోనులో మ్యాపుని వేళ్ళతో జరుపుకుంటూ ఇంటి కప్పు దాకా వస్తావే, అదే పని.

ఇప్పుడు పేర్లు. నువ్వు చిన్నప్పుడు నేను చెప్పినప్పుడల్లా నిద్రపోయేవాడివి కాబట్టి మళ్ళీ చెబుతున్నాను.

జంబూద్వీపం కథల్లోనే ఉన్న పేరు కాదు. అశోకుడు తన ఏలుబడిలోని దేశాన్ని అదే పేరుతో రాళ్ళ మీద చెక్కించాడు. పురాణాలు దాన్ని పెద్దది చేసి లోకం మధ్యలో పెట్టాయి, అది వేరే సంగతి. భరతవర్షం భరతుల పేరు మీద వచ్చింది. వాళ్ళు మొదట పంజాబు నదుల దగ్గర ఒక తెగ. ఆ పేరు రాతి మీద మొదట కనబడేది కళింగరాజు ఖారవేలుడి శాసనంలో. ఆయన భరతవర్షం మీదికి దండెత్తానని చెప్పుకున్నాడు. అంటే ఆయనకది తన దేశం కాదు, ఉత్తరాన ఉన్న ఇంకో దేశం. అదే శాసనంలో పితుండ నగరాన్ని గాడిదలు కట్టి దున్నించానని కూడా ఉంది. ఆ పితుండ మన బందరు చుట్టుపక్కలే ఎక్కడో ఉండేదని కొందరు చరిత్రకారుల ఊహ. ఆర్యావర్తం హిమాలయానికీ వింధ్యకూ మధ్య. సింధువు దాటి వచ్చిన పారశీకుల నోట ఆ నది పేరు హిందు అయింది, గ్రీకుల నోట ఇండ్ అయింది. నదికి ఉన్న పేరు దేశానికి అంటుకుంది. ఆ గ్రీకుల్లోనే ఒక భూగోళజ్ఞుడు మన తీరాన్ని మైసోలియా అని రాశాడు. నేను పుట్టిన బందరుకి అంతకంటే పాత పేరు దొరకలేదు.

ఇన్ని చేతులు మారిన మాటలు కాబట్టే వాటిని తేలిగ్గా తీసెయ్యకూడదు. తప్పు చదివితే దిద్దుకుంటారు, చదవడం మానేయరు. నీతో పనిచేసేవాళ్ళు ఎవరో ఇవన్నీ పిచ్చిమాటలని నీ తలకెక్కించారని నా అనుమానం. వాళ్ళ పేర్లు నాకు అక్కర్లేదు. పద్నాలుగున ఉదయం ఏడింటికల్లా ఇక్కడ ఉండు.

పుష్పావతి


గిలకలదిండి,
17 నవంబరు 2025.

అమ్మమ్మకి,

నమస్కారం. నా తలకి ఎవరూ ఏమీ ఎక్కించలేదు. ఇక్కడ నా గది దాకా వచ్చేది ఐసు బండ్ల చప్పుడూ, చేపల వేలంపాట కేకలూ.

నువ్వు చెప్పింది శ్రద్ధగా చదివాను. ఈసారి నిద్రపోలేదు. అయితే నువ్వే చెప్పావు, ఖారవేలుడి భరతవర్షంలో మనం లేము. ఆర్యావర్తంలో లేము. సింధువు మన నది కాదు. హిందు, ఇండియా రెండూ బయటివాళ్ళు పెట్టినవి. మైసోలియా ఓడవాళ్ళు పెట్టింది. ఇందులో మనం ఎక్కడున్నాం? ఇంకొకళ్ళ పేర్లన్నీ వరసగా చదివి, చివర "ఇక్కడ నేను" అనడమేనా?

నిన్న ఆదివారం బండి వేసుకుని చల్లపల్లి మీదుగా దివిసీమ వెళ్ళాను. తాతయ్య పుట్టిన ఊరు ఎక్కడుందో చూద్దామని. కోడూరు దాటాక దారి అడగబోతే ఒక పెద్దావిడ ఎదురొచ్చింది. భాగ్యమ్మ గారట. నా మొహం చూసి, "నువ్వు గోవర్ధనరావు గారి తాలూకా కదయ్యా? ఆ ముక్కు చెబుతోందిలే" అంది. తాతయ్య వాళ్ళమ్మగారింట్లో ఆవిడ తల్లి పనిచేసేదట. డెబ్బై ఏడు ఉప్పెనలో ఆవిడ తాడిచెట్టు పట్టుకుని బతికిందట. ముత్తవ్వ, అదే తాతయ్య వాళ్ళమ్మ, అందులో పోయిన చోటు చూపించింది. ఇల్లు లేదు, తుమ్మచెట్లు, పక్కన కోడు, సముద్రపు పోటునీళ్ళు వచ్చే పాయ.

"మీ తాతగారు ఏటా వచ్చేవారయ్యా. ఈ కరకట్ట మీద కూర్చునేవారు. నేను టీ ఇస్తే, చక్కెర ఎక్కువేశావు భాగ్యం, నన్ను చంపుతావా అనేవారు. పోయినేడు రాలేదు. రాలేదంటే అర్థమైపోయింది" అంది.

నువ్వు ఆ ఊరి పేరు ఇంట్లో ఎత్తనివ్వవని అమ్మ చెబుతుండేది. ఆయన దొంగచాటుగా వెళ్ళాల్సి వచ్చిందంటే ఇప్పుడు నమ్ముతున్నాను. నీకు దేశానికి ఉన్న పేర్లన్నీ తెలుసు అమ్మమ్మా. తాతయ్య ఊరు గుల్లలకోడు అని నీ నోట నేను ఒక్కసారి కూడా వినలేదు. ఆ నేల మీద నీకెందుకంత కోపం? కూర్చుంటే అక్కడే కూర్చోవాలి, గుడివాడలో కాదు.

ధీరజ్


గుడివాడ,
24 నవంబరు 2025.

ధీరజ్‌కి,

నీ ఉత్తరం అందింది.

ఆ పేరు ఎత్తవద్దన్నది నేను కాదు. మీ తాతయ్య. ఉప్పెన వచ్చిన నాడు మేము గుడివాడలో ఉన్నాం. దారులు తెరిచాక ఆయన వెళ్ళి వాళ్ళమ్మ కోసం వెతికారు. ఆవిడ దొరకలేదు. దొరికినవాళ్ళని ఎవరు ఎవరో చూడకుండా కలిపి దహనం చేశారు. పేరు చెప్పేవాళ్ళు లేరు, ఊరు చెప్పేవాళ్ళు లేరు. ఇంటికి వచ్చి స్నానం చేసి, "పుష్పా, ఇకమీదట ఆ ఊరి పేరు ఈ ఇంట్లో వద్దు" అన్నారు. ఆయన ఒకటి అడగడం అరుదు. అడిగింది చేశాను. పూర్ణిమ నోరు నొక్కాను, అది నేనే. ఆయన పోయాక కూడా నోరు తిరగలేదు.

ఏటా ఒకరోజు ఆయన పామిడిముక్కలలో స్నేహితుణ్ణి చూసి వస్తానని వెళ్ళేవారు. సాయంత్రం తిరిగి వచ్చేసరికి చెప్పులకు తెల్లగా ఉప్పుమట్టి పట్టి ఉండేది. పామిడిముక్కలలో వరిపొలాలు తప్ప ఉప్పునేల ఎక్కడిది? నేను చెప్పులు కడిగి ఎండలో పెట్టేదాన్ని. అడగలేదు. ఆయన చెప్పలేదు. నీకు దొంగచాటుగా కనబడింది మా ఇద్దరికీ మర్యాద.

కోపం అన్నావు. చాలు. నువ్వు ఇంక ఇబ్బంది పడనవసరం లేదు. మా పెదనాన్నగారి మనవడు గిరిధర్‌ని కూర్చోమని అడిగాను. ఒప్పుకున్నాడు. నీ ఆదివారం నీకు మిగిలింది.

పుష్పావతి


గిలకలదిండి,
29 నవంబరు 2025.

అమ్మమ్మకి,

గిరిధర్ మావయ్యని రావద్దని చెప్పు. ఈ ఉత్తరం చేరే లోపల ఫోను చేద్దామనుకుని మూడుసార్లు తీశాను. చెయ్యవద్దన్నావు కాబట్టి పెట్టేశాను.

నేను రాసింది తప్పు. నాకు తెలిసిన సగంతో నిన్ను నిలదీశాను. చెప్పుల సంగతి చదివాక ఆ రోజు కొలతలన్నీ తప్పు రాశాను. మాతోపాటు పనిచేసే యాకోబు, "ఏం బావా, ఎవరైనా పోయారా?" అని అడిగాడు. పోయినేడు పోయారు, ఇవాళ తెలిసింది అన్నాను.

నేను కూర్చుంటాను. ఇది నీకు భయపడి కాదు, నువ్వు బాధపడ్డావనీ కాదు. పిలిచేవాడు ఎక్కడున్నాడో చెప్పుకోవడం అన్నావు చూడు, అది నాకు అర్థమైన మాట. నేను గుల్లలకోడు కట్ట మీద నిలబడి పిలుస్తాను. అది ఒక్కటి ఒప్పుకో.

ఇంకో చిక్కు ఉంది. కోడూరు వైపు చేయించే పురోహితుల్ని కలిశాను. ఆయనా "కృష్ణా గోదావర్యోర్మధ్యదేశే" అనే అంటారట. గుడివాడకి అది సరే. దివిసీమ కృష్ణ రెండు పాయల మధ్య కదా? మళ్ళీ తప్పు చోటు చెప్పి పిలవలేను. సరైనది నువ్వు రాసి ఇవ్వు. నువ్వూ రా అమ్మమ్మా. కారు తెస్తాను.

ధీరజ్


గుడివాడ,
4 డిసెంబరు 2025.

చి॥ ధీరజ్‌కి,

దీవెనలు. గిరిధర్‌కి వద్దని చెప్పాను. "అమ్మయ్య, ఆ రోజు మా మరదలి సీమంతం పిన్నీ, నీకు చెప్పలేక ఒప్పుకున్నాను" అన్నాడు. మనవాళ్ళ ఒప్పుకోళ్ళు ఇలా ఉంటాయి.

గుల్లలకోడుకి నేను ఒప్పుకున్నాను. అక్షరాల్లో రాయడం ఇదే మొదలు.

సంకల్పం ఇలా అను. పైవన్నీ ఉన్నవి ఉన్నట్టే. "శ్రీశైలస్య పూర్వ దిగ్భాగే, కృష్ణవేణ్యాః శాఖయోర్మధ్యే, సముద్ర సమీపే." దాని తరువాత ఊరు. మన సంస్కృతం పండితుల్ని అడిగి సరిచూసుకున్నాను, నా సొంత పాండిత్యం కాదు. పెద్ద కాగితం మీద పెద్ద అక్షరాలతో విడిగా రాసి ఇందులో పెట్టాను.

మనం ఎక్కడున్నాం అని అడిగావు. దానికి పది రోజులుగా జవాబు వెతుకుతున్నాను. నిజం చెప్పాలంటే ఆ పేర్లు పుట్టినప్పుడు మనం వాటిలో లేము. మనుషులమే కాదు, ఈ నేలే చాలావరకు లేదు. దివిసీమ అంతా కృష్ణ మోసుకొచ్చిన ఒండ్రు. భరతులు పంజాబులో ఉన్న రోజుల్లో గుల్లలకోడు ఉన్నచోట సముద్రం ఉండి ఉంటుంది. ఒక తెగ పేరు ఉత్తరదేశానికి వచ్చింది, తరువాత సముద్రం దాకా జరిగింది. ఈ లోపల నేల కూడా సముద్రంలోకి జరుగుతూ వచ్చింది. రెండూ ఎక్కడో కలిశాయి. ఎవరూ మనల్ని అడిగి కలపలేదు. కానీ మన తాతలు ఆ పేర్లు పలుకుతూ పలుకుతూ చివర తమ నదినీ తమ ఊరినీ చేర్చారు. ఖారవేలుడికి ఆ ధ్యాస లేదు, పారశీకులకు లేదు, గ్రీకులకు లేదు. చివరి మాట ఒక్కటే మనది. అది లేకపోతే పైవన్నీ నిజంగానే ఇంకొకళ్ళవి. రాజ్యాంగంలో ఇండియా అనగా భారత్ అని రాసుకున్నవాళ్ళు కూడా ఉన్న పేర్లలో రెండు ఏరి పెట్టారు, కొత్తది కనిపెట్టలేదు. ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు. నీకు చాలకపోతే చాలదని రాయి.

నేను రాను. ఉప్పెన తరువాత ఆయనతో నేనూ బయల్దేరాను. పులిగడ్డ దగ్గర, ఏరు దాటితే దివిసీమ అనగా, నన్ను ఆపేసి, "నువ్వు చూడకు పుష్పా, తిరిగి వెళ్ళు" అన్నారు. తిరిగి వచ్చాను. అప్పటి నుంచి అది దాటలేదు. మోకాలి నొప్పి అని చెప్పవచ్చు, కానీ మోకాలికి దీనితో సంబంధం లేదు.

మీ అమ్మ వస్తుంది. స్వయంపాకం దాని చేత పంపుతున్నాను.

పుష్పావతి


గిలకలదిండి,
15 డిసెంబరు 2025.

అమ్మమ్మకి,

నమస్కారం. నిన్న అయింది. వరసగా రాస్తాను.

కోడు పక్కన కట్ట మీద చాప వేశారు. పురోహితులు మొదలుపెట్టి, చోటు దగ్గరికి వచ్చేసరికి అలవాటుగా "కృష్ణా గోదావర్యోః" అన్నారు. నేను ఆగిపోయాను. ఆయన నా వైపు చూసి, "అనండి బాబూ. ముప్ఫై ఏళ్ళుగా ఇదే చెబుతున్నాను, ఏ పితృదేవతా దారి తప్పి అవనిగడ్డ బస్టాండులో దిగిపోలేదు" అన్నారు. అమ్మ నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను నీ కాగితం ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని చదివారు. "ఎవరు రాశారు?" "మా అమ్మమ్మండీ, టీచరు." "అనుకున్నాను. వీరికి ఎదురు చెబితే నాకు పునశ్చరణ తప్పదు" అని, మళ్ళీ మొదటి నుంచి, జంబూద్వీపం నుంచి, నీ కాగితం చూసి చెప్పారు. ఒక్కో మాటకీ ఆగారు. నేను ఒక్కో మాట అర్థమై అన్నాను.

సముద్ర సమీపే అన్నాక ఆయన ఆగి, "ఊరు చెప్పండి" అన్నారు. నువ్వు కాగితం మీద అక్కడ ఖాళీ వదిలావు. గుల్లలకోడు గ్రామే అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. ఇంకోసారి అనమన్నారు. గట్టిగా అన్నాను. తరువాత తాతయ్యని పిలిచాను. ఆయన తల్లిగారిని పిలిచాను. ముత్తవ్వకి ఆ నీళ్ళ మీద నీళ్ళు వదలడం మొదటిసారి అనుకుంటాను.

భాగ్యమ్మ గారు దూరంగా నిలబడి ఉంది. మాది అయ్యాక, "ఉప్పెనలో పోయిన మా వాళ్ళకీ నేను ప్రార్థన చేసుకుంటానయ్యా, మీకు అడ్డం కాదుగా?" అంది. కాదన్నాం. ముసుగు వేసుకుని కళ్ళు మూసుకుంది. "ప్రభువా, ఈ పగటి వేళ, ఈ గుల్లలకోడు కట్ట మీద మమ్మల్ని నిలబెట్టినందుకు స్తోత్రం తండ్రీ" అని మొదలుపెట్టింది. ఆవిడ కూడా ముందు ఏ వేళో, ఏ చోటో చెప్పి తరువాతే అడిగింది. పురోహితులు సామాన్లు సర్దుకోవడం ఆపి నిలబడ్డారు. తొమ్మిది పేర్లు చదివింది. పదో పేరు దగ్గర ఆగింది. "చిన్నపిల్ల. ఇంకా పేరు పెట్టలేదు" అంది.

అది విన్నాక నేను తెలుగులో ఒక మాట అన్నాను. "నేను ఇక్కడున్నాను తాతయ్యా" అని. మంత్రంలో లేనిది. తప్పయితే దిద్దు.

ధీరజ్


గుడివాడ,
19 డిసెంబరు 2025.

చి॥ ధీరజ్‌కి,

దీవెనలు. నీ ఉత్తరంలో దిద్దడానికి ఏమీ లేదు. ఒకటి మాత్రం అడుగుతాను. ఆ పేరు పెట్టని పిల్ల భాగ్యమ్మకి ఏమవుతుందో కనుక్కున్నావా? కనుక్కోకుండా వచ్చి ఉంటే మళ్ళీ వెళ్ళు. చెల్లెలైతే చెల్లెలని, మేనకోడలైతే మేనకోడలని అనవచ్చు. పేరు లేనివాళ్ళని వరసతో పిలుస్తారు.

ఇక్కడి సంగతి. పద్నాలుగున మీరు మొదలుపెట్టి ఉంటారనుకున్న వేళకి నేను స్నానం చేసి, పెరటి అరుగు మీద కూర్చున్నాను. సంకల్పం చెప్పే అధికారం నాకు లేదని నీకు తెలుసు, నాకూ తెలుసు. నీళ్ళు ముట్టుకోలేదు, దర్భ పట్టలేదు. ఊరికే పైకి చదివాను. జంబూద్వీపం, భరతవర్షం, భరతఖండం. బడిలో ఎన్నిసార్లు చెప్పానో ఆ పేర్లు, ఒక్కసారీ గొంతు తడబడలేదు. పాయల మధ్య దాకా బాగానే వచ్చాను. తరువాత ఆగాను.

అన్నాను. గుల్లలకోడు.

పక్కింటి వందన గోడ మీదుగా తొంగిచూసి, "ఎవరిని పిలుస్తున్నారు పిన్నిగారూ?" అంది. "మా అత్తగారిని" అన్నాను. అది కంగారు పడి లోపలికి పోయింది. సాయంత్రం జ్వరం ఉందేమో చూడమని వాళ్ళ అమ్మాయిని పంపింది.

వచ్చే ఏడు నేను వస్తాను. ముందు సీటులో కూర్చుంటాను. పులిగడ్డ వచ్చినప్పుడు నాతో మాట్లాడవద్దు, చెయ్యి పట్టుకోవద్దు, "చూస్తావా అమ్మమ్మా" అని కారు ఆపవద్దు. ఆపితే దిగి వెనక్కి నడుస్తాను, నా సంగతి నాకు తెలుసు. నేరుగా దాటించు.

పుష్పావతి